వచ్చే జూన్ నుండి పిల్లలకు ఇంట్లోనే చదువు: ఇల్లు సిద్ధం కావడం ఎలా?

ప్రశ్న (కందుకూరు దగ్గరి పల్లె నుండి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా బాబుకు 9 ఏళ్ళు, పాపకు 6 నిండాయి. పొద్దున ఆరున్నరకు వ్యాను ఎక్కిన పిల్లవాడు సాయంత్రం ఆరింటికి దిగి, హోంవర్కు పుస్తకం మీదనే తల వాల్చి నిద్రపోతున్నాడు. ఇంగ్లీషు పాఠం మొత్తం అప్పజెప్పగలడు గాని, దినపత్రికలో ఒక వార్త చదివి అందులో ఏముందో తెలుగులో చెప్పమంటే తడబడతాడు. నేను బి.ఎస్సీ., బి.ఎడ్. చదివాను, పెళ్ళి తర్వాత ఉద్యోగానికి వెళ్ళలేదు. ఏడాది పాటు ఆలోచించి, ఏప్రిల్‌లో బడి ముగియగానే ఇద్దరినీ మాన్పించి, జూన్ నుండి ఇంట్లోనే చదివించాలని నేనూ మావారూ నిశ్చయించుకున్నాము.

పుస్తకాల గురించి నాకు బెంగ లేదు. బెంగంతా ఇంటి గురించే. మాది పొగాకు సేద్యం. బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) పని ముగిసినా వేలం ఇంకా నెలల తరబడి సాగుతుంది, బేళ్ళు వేలం కేంద్రానికి వెళ్ళే రోజున మావారు ఎన్నింటికి ఇల్లు చేరతారో చెప్పలేము. రెండు గేదెలున్నాయి, అత్తయ్యా మామయ్యా మాతోనే ఉంటారు. మామయ్య ఏమీ అనరు. అత్తయ్య మాత్రం, ఊళ్ళో పిల్లలందరూ బడికి పోతుంటే మన పిల్లలు అరుగు మీద కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారని అడుగుతున్నారు. పైగా బడి మానితే, బడికి వెళ్ళే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం సొమ్ము పోతుందని గుర్తు చేస్తున్నారు. మావారు సరే అన్నారు గాని, ఆ సరేలో తన వంతు పని ఎంతో ఆయన ఇంకా లెక్క వేసుకున్నట్టు లేదు.

ముందు గది ఖాళీ చేయించి, రెండు చిన్న బల్లలూ ఒక నల్లబల్లా చేయించాలని వడ్రంగిని పిలిపించాను. ఈ రెండు నెలలలో ఇంకేమేమి అమర్చుకోవాలో అనుభవమున్నవారు చెప్పగలరా?

జవాబు 1 (ఒంగోలు నుండి, మూడేళ్ళుగా ఇంట్లో చదివిస్తున్న తల్లి)

వడ్రంగికి ఇంకా బయానా ఇవ్వకపోతే ఆపండి. నేను చేసిన మొదటి తప్పు అదే. గది అమర్చాను, తొమ్మిది నుండి నాలుగు వరకు పీరియడ్ల పట్టిక గోడకు అంటించాను, చివరికి గంట కూడా కొట్టాను. రెండు వారాలు తిరగకముందే మా పెద్దవాడు మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక దాక్కున్నాడు. బడి మాన్పించి బడినే ఇంటికి తెచ్చుకున్నానని అప్పుడు అర్థమైంది.

జూన్ రాకముందే ఒక పని చేయండి. ఒక వారం రోజుల పాటు, ఇంట్లో పెద్దవాళ్ళు ఏ గంటకు ఏ పనిలో ఉన్నారో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. నేను రాసి చూసుకుంటే, వంట, నీళ్ళు, బట్టలు, వచ్చేపోయేవాళ్ళు అన్నీ పోగా, పిల్లల దగ్గర నిలకడగా కూర్చోగలిగిన సమయం నాకు రోజుకు రెండున్నర గంటలకు మించి లేదని తేలింది. మొదట భయపడ్డాను. తర్వాత చూస్తే ఇద్దరు పిల్లలకు ఆ సమయమే చాలింది, ఎందుకంటే నలభై మందిని కూర్చోబెట్టి, హాజరు వేసి, నోట్సులు దిద్దడానికి బడిలో పోయే సమయం ఇంట్లో పోదు. అయితే ఆ రెండున్నర గంటలలో పొయ్యి మీద ఏదీ ఉండకూడదు. ఏ పూట ఏం వండాలో ముందు రాత్రే అనుకోవడం, ఉదయం పనిలో ఒకటి ఇంకొకరికి అప్పగించడం, ఇవి నల్లబల్ల కంటే ముందు అమరవలసినవి.

అత్తగారి విషయంలో, ఆవిడను ఒప్పించడానికి ప్రయత్నించకండి, ఆవిడకు ఒక బాధ్యత అప్పగించండి. మా అత్తగారికి కంటిలో శుక్లాలుండి పేపరు చదవలేకపోయేవారు. రోజూ మధ్యాహ్నం మనవడు ఆవిడకు పేపరు చదివి వినిపించాలని నియమం పెట్టాను. వాడు తప్పు చదివితే ఆవిడ ఊరుకునేవారు కాదు. కొన్ని నెలలకు ఆవిడే వీధిలో వాళ్ళకు మా వాడు పేపరు గడగడా చదువుతాడని చెప్పుకోసాగారు. మీ బాబు తెలుగు ఇబ్బందికి కూడా ఇదే మందు కావచ్చు.

జవాబు 2 (మార్కాపురం నుండి, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు)

అమ్మా, పిల్లలు బడిలోనే చదవాలని నేను ముప్పై ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి చెప్పినవాడిని, కాబట్టి మీ నిర్ణయం నాకు పూర్తిగా రుచించదు. అయినా దిగేముందు తెలియవలసినవి చెబుతాను.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ళ పిల్లలకు సంబంధించినది. పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని అందులో పదవ సెక్షన్ చెబుతుంది. చేర్పించని తల్లిదండ్రులకు మాత్రం ఏ శిక్షా విధించలేదు. ఇంటి చదువు అనే పేరుతో అందులో ప్రత్యేకమైన ఏర్పాటు లేదు. అదే చట్టంలోని నాలుగవ సెక్షన్ ప్రకారం, మధ్యలో మానిన పిల్లవాడు తిరిగి వస్తే వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. అంటే మీరు వేస్తున్న అడుగు వెనక్కి తీసుకోలేనిది కాదు. టీసీ, మార్కుల కార్డులు, జనన ధ్రువపత్రం మాత్రం ఒకే సంచిలో భద్రపరచండి.

పరీక్షల సంగతికి వస్తే, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా 14 ఏళ్ళు నిండినవారు పదవ తరగతికి చేరవచ్చు; తెలుగు మాధ్యమం కూడా ఉంది. మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం కూడా పదవ తరగతి, ఇంటర్ పరీక్షలు నిర్వహిస్తుంది. మీ బాబుకు ఇంకా ఐదేళ్ళుంది గనుక ఇప్పుడే అప్లికేషన్ల వెంట పడనవసరం లేదు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటుంది. ఇంట్లో చెప్పడానికి అంతకంటే అనువైనవి నాకు కనపడలేదు. పాపకు మాత్రం రాత పలక మీదనే మొదలుపెట్టండి. పలకల ఊరివాడిని కదా, ఆ పక్షపాతం నాకుంది, కాని తప్పు రాస్తే తుడిచేసి మళ్ళీ రాసుకునే ధైర్యం కాగితం మీద పసివాళ్ళకు రాదు.

ఇంకొక్క మాట, ఇది కఠినంగానే చెబుతున్నాను. మీది పొగాకు ఇల్లు. బేలు తూకం, కిలో ధర, వచ్చిన మొత్తం లెక్క కట్టించడం మంచి గణిత పాఠమే. కాని ఆకు తెంపడానికీ, గుచ్చడానికీ, గ్రేడు చేయడానికీ పిల్లల చేతులు వాడకండి. ఇంట్లో ఉన్న పిల్లవాడు కూలీ దొరకని రోజున మొదట గుర్తుకు వస్తాడు. అటువంటి ఇళ్ళను నేను చాలా చూశాను.

జవాబు 3 (నెల్లూరు నుండి ఒక తండ్రి)

మేము ఒక ఏడాది చేసి ఆపేశాము. కారణం పిల్లలు కాదు, నేను. మీవారిలాగే నేనూ సరే అన్నాను, ఆ మాటతో నా వంతు తీరిపోయిందనుకున్నాను. దుకాణం నుండి రాత్రి తొమ్మిదింటికి వచ్చి, ఈ రోజు ఏం చెప్పావు, ఇంతేనా అని అడిగేవాడిని. ఆదివారాలు మైపాడు సముద్రతీరానికో పెన్న ఒడ్డుకో తీసుకువెళ్ళి, అది కూడా చదువేనని సంతృప్తి పడేవాడిని. చెప్పేదీ వండేదీ చుట్టాలకు జవాబిచ్చేదీ నా భార్య ఒక్కతే. ఏడాది చివర ఆమెకు జ్వరం వచ్చి పది రోజులు పడుకుంటే చదువు మొత్తం ఆగిపోయింది. పిల్లలను తిరిగి బడిలో చేర్చడంలో ఇబ్బంది రాలేదు, వాళ్ళ ఈడు తరగతిలోనే కూర్చున్నారు.

కాబట్టి మీవారు ఏదో ఒక సబ్జెక్టు పూర్తిగా తీసుకోవాలి. సాయం చేస్తానంటే చాలదు. అందులో పిల్లవాడు వెనకబడితే జవాబు చెప్పవలసింది ఆయనే కావాలి. అది జూన్‌లోపు తేలకపోతే, ఇంకో ఏడాది ఆగండి.

మళ్ళీ ప్రశ్న అడిగిన తల్లి

ముగ్గురికీ కృతజ్ఞతలు. వడ్రంగిని వద్దన్నాను. నెల్లూరు వారి జవాబును మావారికి చదివి వినిపించాను; ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత లెక్కలు తాను చెబుతానన్నారు. వేలం రోజుల్లో రాత్రి కుదరకపోతే మర్నాడు తెల్లవారుజామున, పాలు పితికే లోపు చెప్పాలని ఒప్పుకున్నాము. పిల్లలు ఆకు ముట్టకూడదన్న మాట మామయ్యకు చెబితే, నలభై ఏళ్ళుగా ఆ ఘాటు పీల్చినవాడిని నాకు వేరే చెప్పాలా అన్నారు. ఈ విషయంలో ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

తల్లికి వందనం గురించి దాచకుండా కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఒక్కొక్కరికి చేతికి వచ్చే 13,000 చొప్పున ఇద్దరికీ 26,000 రూపాయలు పోతాయి. వ్యాను కిరాయి, ఫీజు కలిపి మిగిలేది అంతకంటే ఎక్కువే. అత్తయ్య లెక్క ఒప్పుకున్నారు, నిర్ణయం ఒప్పుకోలేదు. ఊళ్ళో ఎవరైనా అడిగితే వేసవి సెలవులని చెబుతానంటున్నారు. బడులు తెరిచే జూన్ 12 వరకు ఆ మాట చెల్లుతుంది.