ఉగాది పనులు: చానల్ ఉత్తరం వచ్చింది, అందరూ చూడండి

కార్యదర్శి, సోమవారం రాత్రి 9.40
శనివారం 28న మన సంఘం ఉగాది వేడుకకు పనుల జాబితా: కుర్చీలు 220, పార్కింగుకు నలుగురు, వేపపువ్వు ఎవరి దగ్గరుందో చెప్పాలి, పిల్లల పంక్తి వేరు. ఇవన్నీ తరువాత. ఊరి కమ్యూనిటీ కేబుల్ టీవీ చానల్ వారు మన కార్యక్రమాన్ని ఇప్పుడున్న రూపంలో ప్రసారం చేయలేమని రాశారు. సినిమా పాటలకు హక్కుదారుల అనుమతి పత్రాలు కావాలట. మనం పంపిన నిరుటి ఫొటోలో ఫ్లెక్సీ మీద ఫోన్ నంబరుతో ప్రకటన ఉంది, అదీ కుదరదట. గురువారం రాత్రిలోగా కొత్త ఫారం ఇవ్వకపోతే కెమెరాలు కూడా ఇవ్వరు. గురువారమే పండగ. వచ్చే సంవత్సరం పేరు పరాభవ కదా, మనకు మూడు రోజులు ముందే మొదలైంది.

కోశాధికారి, 9.52
ఆ ఫ్లెక్సీ విలువ 1,500 డాలర్లు. ఇళ్లు అమ్మే ఆయన టీవీలో కనిపిస్తుందనే ఇచ్చారు. హాలు అడ్వాన్సు అందులోంచే కట్టాను. టీవీ వద్దు, యూట్యూబులో పెట్టుకుందాం.

కెమెరా, 10.05
నిరుటి దీపావళి వీడియో యూట్యూబులో ఒకసారి చూడండి. పాట హక్కుల పేరిట శబ్దం తీసేశారు. పన్నెండు మంది పిల్లలు మూగగా గెంతుతుంటారు.

డాన్సుల బాధ్యురాలు, 10.11
రెండు నెలలుగా మా బేస్‌మెంటులో నాలుగు డాన్సులు నేర్పాను. బట్టలు విజయవాడ నుంచి తెప్పించాం. ఇప్పుడు వద్దంటే ఆ తల్లులకు మీరే ఫోన్ చేసి చెప్పండి. ఆ నిబంధనలు ముందే ఎవరూ చదవలేదా?

కెమెరా, 10.20
చదివాను. డిసెంబరులోనే ఇక్కడ రాశాను. ఒక్కరూ పలకలేదు. మూడు శనివారాలు శిక్షణకు వెళ్లి ఆ కెమెరా ముట్టుకునే కార్డు తెచ్చుకున్నది కూడా నేనొక్కడినే.

కోశాధికారి, 10.24
అంటే తప్పంతా మాదేనా? అసలు ఆ చానల్ ఎవరు చూస్తారు?

మాజీ అధ్యక్షుడు, మంగళవారం ఉదయం 6.15
నేను చెబుతాను. వృద్ధుల కేంద్రంలో టీవీ రోజంతా ఆ చానల్ మీదే ఉంటుంది. నిరుడు మన బతుకమ్మ చూసి, మా వీధి చివరి అమెరికన్ పెద్దావిడ నన్ను ఆపి, అంత కష్టపడి పేర్చిన పూలను నీళ్లలో ఎందుకు వదిలారని అడిగింది. ఇంకో సంగతి. ఆ చానల్‌ను నడిపేది కేబుల్ డబ్బు. అమెరికా 1984 కేబుల్ చట్టం ప్రకారం కేబుల్ కంపెనీ ఆదాయం మీద ఊళ్లు 5 శాతం దాకా రుసుము తీసుకోవచ్చు. మనందరం కేబుల్ తీసేసి ఫోనులో చూస్తుంటే ఆ ఆదాయమే కరిగిపోతోంది. ఇద్దరు మనుషులతో నెట్టుకొస్తున్నారు, పాట మీద దావా పడితే తట్టుకోలేరు. వాళ్లను తిట్టకండి.

సంగీతం మాస్టారు, 7.30
త్యాగయ్య 1847లో పోయారు. కృతికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కానీ రికార్డు వేయకూడదు, మనమే పాడాలి. అన్నమయ్య దగ్గర జాగ్రత్త. పదం అయిదు వందల ఏళ్లనాటిదే, ఇప్పుడు పాడుతున్న బాణీల్లో చాలావరకు మొన్నమొన్న కట్టినవి.

పార్కింగు, 12.10
కుర్చీలు 220 అన్నారు. హాలు వాళ్లు 180 అంటున్నారు. ఎవరైనా చూస్తారా?

వంటల బాధ్యురాలు, 12.40
మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. కోలాటం పాటలు ఇరవై దాకా నోటికి వచ్చు, వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్నవే. నిన్న మామిడికాయ తురుముతూ ఒకటి అందుకున్నారు, తురుము తాళంలో పడింది. మేలో తిరిగి వెళ్లేదాకా ఖాళీయే. ఇంకా ముగ్గురు అమ్మలు ఊళ్లో ఉన్నారు.

డాన్సుల బాధ్యురాలు, 12.44
అక్కా, ఆ పాట ఫోనులో పాడించి ఇప్పుడే పంపండి. కర్రలు నా దగ్గరున్నాయి. సినిమా డాన్సులు మాత్రం మానను. భోజనాల తరువాత, కెమెరా ఆపి.

కోశాధికారి, బుధవారం రాత్రి 8.05
ఇళ్ల ఆయనతో మాట్లాడాను. పేరు చెప్పి ధన్యవాదాలంటే చాలట, దానికి చానల్ ఒప్పుకుంది. ఫ్లెక్సీలో నంబరున్న కింది భాగానికి మా ఆవిడ మంగళగిరి చీర కడుతుంది, అంచు బయటికి వచ్చేలా. తమ్ముడూ, మొన్న కోపంలో అన్నాను, మనసులో పెట్టుకోవద్దు.

కార్యదర్శి, 8.30
స్కూల్ కమిటీకి పోటీ చేస్తున్న ఒకాయన వేదిక మీద రెండు నిమిషాలు అడుగుతున్నారు. మనది 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సంఘం, ఒక అభ్యర్థి తరఫున నిలబడినట్టు కనిపించకూడదు. ముందు వరుసలో కూర్చోబెట్టి పచ్చడి పెడదాం, చేదు మొహం టీవీలో వస్తుంది.

కెమెరా, గురువారం రాత్రి 11.20
ఫారం పంపాను. ప్రార్థన, త్యాగయ్య, పంచాంగ శ్రవణం, కోలాటం, మొత్తం గంట. అన్నా, మనసులో ఏమీ లేదు. మైకులు రెండే ఉన్నాయి. ఒకటి తెనాలి అమ్మగారి కొంగుకు తగిలిస్తాను. గాజుల చప్పుడు అందులో పడుతుంది, ఆ గంటసేపు తీస్తారేమో అడగండి.

వంటల బాధ్యురాలు, 11.34
అడిగాను. గాజులు తీస్తే చేయి ఎక్కడ వేయాలో తెలియదట.

కెమెరా, 11.36
అయితే ఉండనివ్వండి.