అద్దె బ్యాలెన్స్‌తో ఐ-20: అందరూ చేసేదే కదా, తప్పేంటి?

కదిరి_టు_బీటీఎం

నమస్తే అందరికీ. మాది కదిరి దగ్గర పల్లె, ఇంజనీరింగ్ బెంగళూరులోనే చదివి ఇక్కడే బీటీఎంలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ అడ్మిట్ వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచడం కూడా అయిపోకముందే ఇంకో మెయిల్ వచ్చింది, ఐ-20 (వీసాకి యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఇవ్వాలంటే మొదటి సంవత్సరం ఖర్చుకి సరిపడా డబ్బు చూపించండి అని. ఫీజు, గది, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 38 వేల డాలర్లు, మన లెక్కలో ముప్పై రెండు లక్షల పైమాటే.

నాన్నకి ఆరెకరాల పొలం ఉంది, వేరుశనగ వేస్తాం, బోరులో నీళ్లుంటే టమాటా. ఆయన ఖాతాలో లక్ష రూపాయలు ఒక నెల నిలబడిన పాపాన పోలేదు. మారతహళ్లిలో ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో నాన్న ఖాతాలో వాళ్ల మనిషి చేత డబ్బు వేయిస్తాం, బ్యాంకు నుంచి బ్యాలెన్స్ లెటర్ తీసుకున్నాక వెనక్కి తీసేసుకుంటాం, లక్షకింత అని కమీషన్ ఇవ్వండి అంటున్నారు. ఆస్తుల విలువ మీద సీఏ రిపోర్ట్ కూడా వాళ్లే రాయిస్తారట. మా పీజీలో ఇలా చేసి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. ఇది నిజంగా మోసమా, లేక అందరికీ తెలిసిన లాంఛనమా? నీతులు వద్దు, కారణాలు చెప్పండి.

గ్యారేజ్_కోడర్

లాంఛనమే బ్రో. ఐ-20కి కాలేజీ వాడు అడిగేది ఒక కాగితం, ఇస్తావు, అయిపోతుంది. చెన్నైలో నా వీసా ఇంటర్వ్యూ రెండు నిమిషాలు కూడా జరగలేదు. నేను మోసుకెళ్లిన లావుపాటి ఫైల్‌ని ఆఫీసర్ కన్నెత్తి కూడా చూడలేదు. ఏ యూనివర్సిటీ, ఎందుకు అదే, డబ్బు ఎవరు కడతారు, అంతే. మా బ్యాచ్‌లో సగం మంది ఫండ్స్ పెట్టించుకున్నవాళ్లే. బంజారా హిల్స్‌లో బంగళా ఉన్నవాడే అమెరికా వెళ్లాలా, మనం వెళ్లకూడదా?

అన్నాసాలై_అక్క

తమ్ముడూ, ఫైల్ చూడలేదు కాబట్టి డబ్బు సంగతి చూడలేదు అనుకోవడం పొరపాటు. ఐ-20 మొదటి పేజీలో ఫైనాన్షియల్స్ అని ఒక భాగం ఉంటుంది, ఎప్పుడైనా నిదానంగా చదివారా ఎవరైనా? ఒక పక్క ఖర్చు, ఇంకో పక్క ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో: సొంత నిధులు, యూనివర్సిటీ ఇచ్చేది, వేరే చోటు నుంచి వచ్చేది, క్యాంపస్ ఉద్యోగం. వేరే చోటు అంటే ఎవరో కూడా రాస్తారు. మీరు కాలేజీకి పంపిన అద్దె బ్యాలెన్స్ అక్కడ అంకెగా అచ్చవుతుంది, విదేశీ విద్యార్థుల వివరాలు అమెరికా ప్రభుత్వం దాచే సెవిస్ రికార్డులోనూ ఉంటుంది. ఆఫీసర్‌కి మీ ఫైల్‌తో పనేముంది?

ఇక అసలు ప్రశ్న మొదలవుతుంది. నాన్నగారు ఏం చేస్తారు? వ్యవసాయం. ఏడాదికి ఎంత వస్తుంది? ఖాతాలో ఇంత డబ్బు ఎక్కడిది? ఇక్కడ నత్తి మొదలైతే అంతే సంగతులు.

214(బి) కింద, అంటే చదువయ్యాక తిరిగి వస్తారన్న నమ్మకం కలగక, రిజెక్ట్ అయితే పెద్ద నష్టం లేదు, మళ్లీ అప్లై చేసుకోవచ్చు. కానీ ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పారని తేలితే వాళ్ల ఇమిగ్రేషన్ చట్టంలో 212వ సెక్షన్ కింద పడతారు, అది ఒక ఏడాదికో రెండేళ్లకో పోయేది కాదు, జీవితాంతం వెంట ఉంటుంది. వేవర్, అంటే మినహాయింపు, అడుక్కోవచ్చు, ఇస్తే ఇస్తారు లేకపోతే లేదు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో మీ ఖర్చు ఎవరు భరిస్తారు అన్న ప్రశ్న ఉంటుంది, చివర్లో అంతా నిజమని ఈ-సంతకం పెట్టేది కన్సల్టెన్సీ వాడు కాదు, మీరు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు

ఫార్మింగ్టన్ గుర్తుందా ఎవరికైనా? 2019 జనవరిలో వంద మందికి పైగా పిల్లల్ని అదుపులోకి తీసుకున్నారు, అందులో మన తెలుగువాళ్లు చాలామంది. వాళ్లూ ‘అందరూ చేస్తున్నారు’ అనే అనుకున్నారు.

గ్యారేజ్_కోడర్

అది వేరే కథ అన్నా, కలపకండి. ఫార్మింగ్టన్ అనేది అమెరికా ఏజెంట్లే పెట్టిన నకిలీ యూనివర్సిటీ, క్లాసులే లేవు. ఇక్కడ కుర్రాడిది నిజమైన యూనివర్సిటీ, నిజంగా చదువుతాడు. ఫండ్స్ కాగితానికీ దానికీ ముడిపెట్టి భయపెట్టడం ఎందుకు?

అక్కకి ఒక సూటి ప్రశ్న. మామయ్య బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టి అఫిడవిట్ రాయించుకుంటే అందరూ ఓకే అంటారు. ఆ మామయ్య నిజంగా ఒక్క రూపాయి అయినా ఇస్తాడా? పెళ్లిలో నూట పదహార్లు చదివించడానికే వెనకాముందూ ఆడేవాడు ముప్పై లక్షలు ఇస్తాడా? అది ఒప్పు, కన్సల్టెన్సీ డబ్బు తప్పు, ఇదేం న్యాయం?

అన్నాసాలై_అక్క

మంచి ప్రశ్నే. ఇవ్వని మామయ్యా, అద్దె డబ్బూ రెండూ ఒకటే అంటాను నేను. అఫిడవిట్ అంటే ఈ పిల్లవాడి చదువు ఖర్చు నేను భరిస్తాను అని చేసే ప్రమాణం. నిజంగా ఆదుకుంటాడని నమ్మకం ఉన్న మామయ్య అయితే పెట్టండి, లేకపోతే ఆయన్నీ పెట్టకండి. చుట్టరికం ఉందా లేదా అన్నది కాదు చూడాల్సింది, అవసరం వచ్చిన రోజు ఆ డబ్బు వస్తుందా రాదా అన్నది.

ఎల్బీఎస్_రోడ్_లోన్_సార్

బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్లు చూసినవాడిని, రిటైర్ అయ్యాను. ఈ అద్దె వ్యాపారం మన రాయలసీమ పిల్లల్లో ఎందుకు ఇంతగా పెరిగిందో చెబుతాను. పొలం ఉంటుంది, పాస్ పుస్తకం ఉంటుంది, బ్యాంకుకి తీసుకెళ్తే ఎడ్యుకేషన్ లోన్‌కి పనికిరాదంటారు. తండ్రికి అది అవమానంలా అనిపిస్తుంది, ఆరెకరాలు కనబడట్లేదా అని కౌంటర్ దగ్గరే గొడవపడ్డవాళ్లని చూశాను. అసలు సంగతేమిటంటే బాకీ కట్టకపోతే కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని వేలం వేసుకునే అధికారం బ్యాంకులకి 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. అదే చట్టం 31వ సెక్షన్‌లో వ్యవసాయ భూమికి మినహాయింపు ఉంది. రైతుని కాపాడటానికి పెట్టిన నిబంధన, రైతు కొడుకు లోన్‌కి అడ్డు పడుతోంది. అందుకే బ్యాంకు ఇల్లు, ప్లాటు, ఎఫ్‌డీ లాంటివి అడుగుతుంది. ఊళ్లో ఇల్లున్నా సరైన కాగితాలు లేకపోతే లాయర్ ఒపీనియన్ దగ్గరే ఆగిపోతుంది.

తాకట్టు లేకుండా కావాలంటే ఆదాయం ఉన్న కో-అప్లికెంట్ కావాలి. పేరున్న యూనివర్సిటీలకైతే కొన్ని బ్యాంకులు, మిగతావాటికి ప్రైవేట్ ఫైనాన్స్ కంపెనీలు ఇస్తాయి, వడ్డీ ఎక్కువే. చాలా యూనివర్సిటీలు ఐ-20కి లోన్ సాంక్షన్ లెటర్ ఒప్పుకుంటాయి, ముందు మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి కనుక్కోండి. ఒక జాగ్రత్త: ‘ఇన్ ప్రిన్సిపల్’ అని రాసి ఇచ్చే ప్రాథమిక లెటర్ వేరు, తుది సాంక్షన్ వేరు. మొదటిది చాలాచోట్ల చెల్లదు.

గ్యారేజ్_కోడర్

సార్, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ వీసా వస్తుందో రాదో తెలియకుండానే ముప్పై లక్షల అప్పు నెత్తిన పెట్టుకోమంటారా?

ఎల్బీఎస్_రోడ్_లోన్_సార్

సాంక్షన్ అయినంత మాత్రాన అప్పు అయినట్టు కాదు బాబూ. డబ్బు విడుదల చేసిన రోజు నుంచే వడ్డీ, అదీ విడుదలైన మొత్తం మీదే. వీసా రాకపోతే ప్రాసెసింగ్ ఫీజు, లాయర్, వాల్యుయేషన్ ఖర్చు పోతాయి. కన్సల్టెన్సీ కమీషన్ మాత్రం వెనక్కి ఇస్తారా? అటూ ఇటూ పోయేది ఉంది, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

డ్యూసెల్‌డార్ఫ్_దోశ

అమెరికా వాళ్లు కాగితం నమ్ముతారు కాబట్టి ఈ చర్చ. జర్మనీకి అయితే ఈ గొడవే లేదు. బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వెయ్యాలి, నెలకి 992 మాత్రమే బయటికి వస్తాయి. అది చూపించి వెనక్కి తీసుకునే డబ్బు కాదు, అక్కడ నువ్వు తినే డబ్బే. 2022 నవంబర్ నుంచి మన డిగ్రీలు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి. యూకేకి అయితే వరుసగా 28 రోజులు డబ్బు ఖాతాలో కదలకుండా ఉండాలి, ఒక్క రోజు తగ్గినా ఇబ్బందే.

సిల్క్‌బోర్డ్_బాధితుడు

28 రోజులకి కూడా అద్దెకి ఇచ్చేవాళ్లు ఉన్నారు బాబూ, రేటు మారుతుందంతే. మన దగ్గర అద్దెకి దొరకనిది ఏముంది?

వైట్‌ఫీల్డ్_వదిన

అందరూ వీసా వరకే మాట్లాడుతున్నారు. మా మరిది ఇలాగే ఫండ్స్ పెట్టించుకుని వెళ్లాడు, ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న కూడా రాలేదు, హాయిగా విమానం ఎక్కాడు. మొదటి సెమిస్టర్ ఫీజు నగలు కుదవపెట్టి కట్టాం. రెండో సెమిస్టర్‌కి? ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద మొదటి ఏడాది క్యాంపస్ బయట పని చేయకూడదు, క్యాంపస్‌లో అయినా క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలే. ఆ జీతం అద్దెకీ సరుకులకీ సరి. ఫీజు కట్టకపోతే తర్వాతి సెమిస్టర్‌కి రిజిస్ట్రేషన్ ఆపేస్తారు, రిజిస్ట్రేషన్ లేకపోతే అక్కడ విద్యార్థిగా ఉండే స్టేటస్ పోతుంది. ఇక వాడు ఏం పని చేశాడో ఇక్కడ రాయను. ఫోన్ చేస్తే ‘బాగున్నా వదినా’ అనేవాడు, వీడియో కాల్ మాత్రం ఎత్తేవాడు కాదు.

కాగితం మీద 38 వేలు ఉన్నాయని చూపించావు, చేతిలో లేవు. ఐ-20లో ఆ అంకె వేసేది మనల్ని ఏడిపించడానికి కాదు, నిజంగానే అంత ఖర్చవుతుంది.

గ్యారేజ్_కోడర్

వదినా, ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా వాళ్లలో కొందరు కన్సల్టెన్సీ కాగితంతో ఐ-20 తెచ్చుకుని, వీసా వచ్చాక నిజం లోన్ తీసుకుని వెళ్లారు, వాళ్లకి ఇబ్బంది రాలేదు. కానీ ఎలాగూ లోన్ తీసుకునేవాడు ముందే తీసుకోవచ్చు కదా అంటారు, తెలుసు. టైమ్ ఉండదండీ. అడ్మిట్ లేటుగా వస్తుంది, లోన్‌కి నెల పైన పడుతుంది, ఈలోపు వీసా ఇంటర్వ్యూ స్లాట్లు అయిపోతాయి. కన్సల్టెన్సీ వాడు బతికేది ఆ తొందర మీదే.

అన్నాసాలై_అక్క

టైమ్ విషయంలో నీతో ఏకీభవిస్తాను. ఐ-20 లేనిదే సెవిస్ ఐడీ రాదు, అది లేనిదే 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టలేరు, అన్నీ ఒకదాని వెనక ఒకటి. బెంగళూరులో ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు, 2025 జనవరిలో అక్కడ అమెరికా కాన్సులేట్ ప్రారంభించారు కానీ వీసా ఇంటర్వ్యూలు దాంతో పాటు మొదలు కాలేదు. అపాయింట్‌మెంట్ పెట్టుకునే ముందు ఒకసారి చూసుకోండి, లేదంటే మా చెన్నైకో హైదరాబాద్‌కో రావాల్సిందే. జెమినీ ఫ్లైఓవర్ పక్కనే కాన్సులేట్, బయోమెట్రిక్ వేరే చోట. ఫోన్ లోపలికి రానివ్వరు, వచ్చేటప్పుడు తోడుగా ఎవరినైనా తెచ్చుకోండి. పాస్‌పోర్ట్, డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీ, అపాయింట్‌మెంట్ లెటర్, సెవిస్ రసీదు, ఐ-20. ఐ-20 ఈమెయిల్‌లో వస్తుంది, ప్రింట్ తీసి మీ సంతకం పెట్టడం మర్చిపోకండి.

టైమ్ నిజంగా చాలకపోతే అడ్మిషన్‌ని వచ్చే సెమిస్టర్‌కి డిఫర్ (వాయిదా) చేయమని అడగొచ్చు. చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. కన్సల్టెన్సీ వాళ్లు ఈ మాట మాత్రం చెప్పరు.

కదిరి_టు_బీటీఎం

అందరికీ థాంక్స్. యూనివర్సిటీకి మెయిల్ పెట్టాను, లోన్ సాంక్షన్ లెటర్ మీద పూర్తి మొత్తం చూపించినా ఐ-20 ఇస్తామన్నారు, కానీ లెటర్‌లో నా పేరు, మొత్తం, బ్యాంకు సంతకం ఉండాలట. వదిన గారి పోస్ట్ మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ‘మీ బావని అడుగుదామా’ అన్నాడు. బావ ఇక్కడే ఎలక్ట్రానిక్ సిటీలో పని చేస్తాడు, జీతం బాగానే ఉంది, కానీ ఇంటి లోన్ నడుస్తోంది. లోన్ సార్, ఆయన్ని కో-అప్లికెంట్‌గా పెడితే కుదురుతుందా? అక్కకి ఇంకా చెప్పలేదు.

ఎల్బీఎస్_రోడ్_లోన్_సార్

ఆ ఇంటి లోన్ ఈఎంఐ జీతంలోంచి తీసేసి మిగిలినదాని మీద లెక్క వేస్తారు. ఆరు నెలల స్టేట్‌మెంట్, మూడు నెలల పే స్లిప్పులు, ఫారం 16 తీసుకుని మొదట జీతం ఖాతా ఉన్న బ్యాంకుకే వెళ్లమను. బావని కో-అప్లికెంట్‌గా ఒప్పుకోవడం బ్యాంకుని బట్టి ఉంటుంది, తండ్రిని కూడా పెట్టమంటారు. సరిపోకపోతే పది లక్షలో పదిహేనో బ్యాంకులో తీసుకుని మిగతాది ఇంకో చోట చూడొచ్చు. అక్కకి మాత్రం ముందే చెప్పు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు

అక్కకి చెప్పకుండా బావ దగ్గర సంతకం తీసుకుంటే చెన్నై వీసా ఆఫీసర్ కంటే పెద్ద ఇంటర్వ్యూ ఉంటుంది తమ్ముడూ.