గల్ఫులో పని పడిపోతే ఇంటికొచ్చేయాలా, పట్టుకుని ఉండాలా?

గాజువాక ఫిట్టర్:
మా బాబాయి కొడుకు అబుదాబిలో పైప్ ఫిట్టరు. మూడు నెలలుగా ఓటీ (ఓవర్‌టైమ్) లేదు, చేతిలో ఉన్న ప్రాజెక్టు అయిపోవచ్చింది, క్యాంపులో సగం మంచాలు ఖాళీ. పిన్ని వచ్చేయమంటోంది, బాబాయి ఉండమంటున్నాడు. నేను పిన్ని వైపే. అక్కడ ఖాళీగా కూర్చుని మెస్సు డబ్బులు కట్టే బదులు ఇక్కడ రిఫైనరీ షట్‌డౌన్ పనుల్లో (రిపేర్లకి ప్లాంటు ఆపినప్పటి పనుల్లో) చేరొచ్చు కదా. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

మర్రిపాలెం మావయ్య:
కాదనేవాణ్ణి నేనే. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమాన్ బ్రదర్స్ బ్యాంకు కూలినప్పుడు దుబాయిలో స్కాఫోల్డింగ్ పనిలో ఉన్నాను. సంవత్సరం తిరిగేసరికి మా సైటులో క్రేన్లు ఆగిపోయాయి. అయినా మా గదిలో ఒక్కడూ తనంతట తాను పెట్టె సర్దలేదు.

ఏజెంటుకి కట్టిన డబ్బు నూటికి మూడు వడ్డీకి తెచ్చింది. అక్కడ జీతం ఆగితే ఇక్కడ వడ్డీ ఆగదు. ఇంకో మెలిక: అప్పటి చట్టంలో మూడేళ్ళు నిండకుండా మనమే రాజీనామా ఇస్తే సర్వీసు డబ్బుల్లో (పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చేవి) మూడో వంతే వచ్చేది. కంపెనీయే తీసేస్తే పూర్తిగా, అంటే ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం ఇవ్వాలి. (2022లో వచ్చిన కొత్త చట్టం ఆ తేడా తీసేసింది.) దాంతో ‘నువ్వే పంపు’ అని మేము, ‘నువ్వే పో’ అని వాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నాలుగు నెలలు గడిపాం.

అసలు లెక్క రూపాయిది. దిర్హాన్ని డాలరుకి కట్టేశారు, డాలరుకి 3.67. 2008 మొదట్లో దిర్హం పదకొండు రూపాయల లోపే. 2009 మార్చికి 14 అయింది. జీతంలో పావు వంతు కోసినా ఇంటికి చేరేది ఇంచుమించు పాత డబ్బే! అలాంటప్పుడు ఎవడొస్తాడు?

గాజువాక ఫిట్టర్:
జీతం చేతికొస్తేనే కదా మావయ్య గారూ ఆ లెక్క. 2014లో వంద డాలర్ల పైనున్న పీపా చమురు 2016 జనవరికి ముప్పై లోపుకి దిగింది. సౌదీలో పెద్ద పెద్ద నిర్మాణ కంపెనీలు నెలల తరబడి జీతాలివ్వలేదు. జెడ్డా క్యాంపుల్లో మనవాళ్ళకి తిండి కూడా మన కాన్సులేట్ పంపాల్సొచ్చింది. అప్పట్లో ఎగ్జిట్ వీసాకి యజమాని సంతకం కావాల్సొచ్చేది, సంతకం పెట్టే దిక్కు లేదు. దాన్ని పట్టుకుని ఉండడం అంటారా? ఇరుక్కుపోవడం అది. దారి తెరిచి ఉండగానే బయటపడాలి.

బర్మా క్యాంపు పిల్ల:
మా ముత్తాత రంగం వెళ్ళినవాడు. (కొత్తవాళ్ళకి: మన వైపు రంగం అంటే రంగూన్.) అక్కడి రేవులో మూటలు మోసింది ఎక్కువగా మన తెలుగువాళ్ళే. 1930 మే నెలలో సమ్మె చేస్తే బర్మావాళ్ళని పనిలో పెట్టారు. సమ్మె తేలాక ఆ బర్మావాళ్ళని తీసేశారు, ఊరంతా కొట్లాట. దాని మీద మాంద్యం, ధాన్యం ధర కుప్పకూలింది. భయపడి చాలామంది ఓడెక్కి వచ్చేశారు. మా ముత్తాతా వచ్చాడు. ఇక్కడేముంది? మళ్ళీ అదే ఓడెక్కాడు.

మాంద్యం మావాళ్ళని కొన్నాళ్ళకే పంపింది. పూర్తిగా పంపింది 1942 యుద్ధం, ఆ తర్వాత అక్కడి సైనిక పాలకుడు నే విన్ సర్కారు. కంచరపాలెం దగ్గర మా బర్మా క్యాంపు అలా వచ్చిందే.

ఎకనామిక్స్ మాస్టారు:
మళ్ళీ ఓడెక్కగలిగాడు, గమనించారా? అదీ విషయం. 1973 చమురు సంక్షోభంలో జర్మనీ కొత్త కార్మికుల్ని తీసుకోవడం ఆపేసింది. వెళ్తే మళ్ళీ రానివ్వరని టర్కీవాళ్ళు చాలామంది కదల్లేదు, పైగా భార్యాపిల్లల్ని తెచ్చుకున్నారు. ఇటలీవాళ్ళకి ఎప్పుడైనా తిరిగొచ్చే హక్కుంది, అందుకని వాళ్ళు నిశ్చింతగా ఊరెళ్ళారు. తలుపు మూస్తే లోపలివాడు బయటికి రాడు.

మర్రిపాలెం మావయ్య:
బాగా చెప్పారు మాస్టారూ. ఫిట్టరూ, ఇంకో మాట. షట్‌డౌన్ పని ఎన్నాళ్ళు? నెల, మహా అయితే నలభై రోజులు. 2009లో నేనొచ్చేసరికి నాలాంటివాళ్ళు గాజువాకలో బోలెడుమంది. కాంట్రాక్టరు రోజుకూలి తగ్గించి ‘ఇష్టమైతే రా’ అన్నాడు.

గాజువాక ఫిట్టర్:
అది మాత్రం నిజమే, ఇప్పుడూ అంతే. తమ్ముడికి వీసా పద్నాలుగు నెలలుంది, అప్పు అరవై వేలు మిగిలింది. రాజీనామా ఇవ్వకుండా సెలవు మీద వస్తే?

మర్రిపాలెం మావయ్య:
రానీ. కానీ ఆరు నెలలు దాటి బయటుంటే వీసా పోతుంది. జీతం లేని సెలవు ఎన్ని రోజులో, మళ్ళీ పిలిచేటప్పుడు టికెట్టు ఎవరిదో కాగితం మీద రాయించుకోమను. సూపర్‌వైజరు నోటిమాట నమ్మి విమానం ఎక్కొద్దు.

గాజువాక ఫిట్టర్:
అడగమన్నాను. హెచ్ఆర్ వాళ్ళు ఆదివారం రమ్మన్నారట. కాగితం ఇవ్వకపోతే మాత్రం నేను మొదటన్న మాట మీదే ఉంటాను.