మాంసం ముట్టని చెల్లికి మెదడులో బద్దె పురుగు అంటున్నారు, ఎలా?

నరసరావుపేట అన్న:
చెల్లికి 19 ఏళ్లు, గుంటూరులో హాస్టల్‌లో ఉండి చదువుతోంది. పది రోజుల కిందట తెల్లవారుజామున కుడి చెయ్యి దానంతట అదే కొట్టుకుని స్పృహ తప్పింది. మొదట చూపించిన చోట నీరసమని సెలైన్ పెట్టి పంపేశారు. నాలుగో రోజు మళ్లీ వచ్చింది. ఎం.ఆర్.ఐ. తీస్తే మెదడు ఎడమ పక్కన 9 మి.మీ. తిత్తి, చుట్టూ వాపు. న్యూరోసిస్టిసర్కోసిస్, అంటే మెదడులో బద్దె పురుగు తిత్తి, అన్నారు. మా ఇంట్లో గుడ్డు కూడా వండరు. టీబీ గడ్డేమోనని అమ్మ ఒకటే ఏడుపు. ఫిట్స్ మందు, స్టెరాయిడ్ మొదలుపెట్టారు. పురుగుల మందు ఆల్బెండజోల్ మాత్రం కళ్లు చూపించాకే అన్నారు. బడిలో పిల్లలకు పంచే మాత్రే కదా, కళ్లెందుకు?

ఒంగోలు అక్క:
తమ్ముడూ, 2017లో నాకూ ఇదే వచ్చింది. "పంది మాంసం తిన్నావా?" అని చుట్టాలందరూ అడిగారు. సిగ్గుతో ఎవరికీ ముఖం చూపించలేకపోయాను. సరిగా ఉడకని పంది మాంసం తింటే పురుగు పేగులో పెరుగుతుంది. అలా పేగులో పురుగున్న మనిషి మలంలో గుడ్లు పడతాయి. అవి నీళ్ల ద్వారానో, పచ్చి కూరల మీదో, వండేవాళ్ల చేతుల నుంచో మన నోట్లోకి వస్తే, వాటిలోంచి బయటికొచ్చే పిల్ల పురుగులు మెదడుకు చేరతాయి. శాకాహారులకూ అందుకే వస్తుంది. చెల్లిని ఎవరూ ఒక్క మాట అనకుండా చూడు.

మాత్ర అదే, కానీ బడిలో ఇచ్చేది ఒక్కటే. దీనికి రోజుకు రెండు పూటలా, పది రోజులో రెండు వారాలో వాడతారు. పురుగు చచ్చేటప్పుడు చుట్టూ వాపు పెరుగుతుంది. కంట్లో కూడా తిత్తి ఉంటే ఆ వాపుతో చూపే పోవచ్చు. స్టెరాయిడ్ ముందుగా ఇచ్చేదీ ఆ వాపు కోసమే. నన్ను ఆల్బెండజోల్ అన్నం తిన్నాకే, నెయ్యి వేసుకుని మరీ తినమన్నారు. కొవ్వుతో అయితే ఒంటికి బాగా పడుతుందట.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. నాలుగో నెలలో బాగానే ఉన్నాను కదా అని ఫిట్స్ మాత్ర నేనే మానేశాను. పొయ్యి దగ్గర పడిపోయాను, మోచెయ్యి కాలింది. మచ్చ ఇప్పటికీ ఉంది. డాక్టరు చెప్పేదాకా ఒక్క పూట కూడా తప్పనివ్వకు.

న్యూరో వార్డు నర్సు:
అమ్మగారి టెన్షన్ అర్థమవుతుంది. టీబీ గడ్డలు సాధారణంగా 20 మి.మీ. దాటి, అంచులు వంకరగా ఉంటాయి. వేలూరు సీఎంసీ డాక్టర్లు ఈ తేడా మీద చాలా పని చేశారు. తిత్తి లోపల చిన్న చుక్క కనిపిస్తే అది పురుగు తలే, ఇక అనుమానం అక్కర్లేదు. రిపోర్టులో ఆ మాట ఉందేమో అడగండి. ఇలాంటి ఒక్క చిన్న తిత్తికి సాధారణంగా ఆపరేషన్ ఉండదు. ఆరు నెలలకు మళ్లీ స్కాన్ తీస్తారు. తిత్తి పోయి సున్నపు మచ్చ మిగిలితే ఆల్బెండజోల్ అక్కర్లేదు కానీ ఫిట్స్ మందు ఎక్కువ కాలం వాడాల్సి రావచ్చు.

హాస్టల్ పిల్లలకు చెప్పి ఉంచండి. మళ్లీ వస్తే చేతిలో తాళాలు, నోట్లో స్పూన్ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి టైమ్ చూడాలి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యాలి. ఇంట్లో అందరూ మల పరీక్ష చేయించుకోండి.

నరసరావుపేట అన్న:
రిపోర్టు తీసి చూశాను, లోపల చుక్క ఉందని రాశారు. అమ్మకు చదివి వినిపించాను. రేపు పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరకు వెళ్తున్నాం. హాస్టల్ వంటవాళ్లకు కూడా మల పరీక్ష చేయించమని వార్డెన్‌ను అడుగుతాను. అక్కా, మీ మాట చెల్లి రెండుసార్లు చదివింది.