మోచేతి కింద చెయ్యి లేని కుర్రాడికి హైజంపా, లాంగ్‌జంపా?

రాజోలు పీఈటీ:
మా దగ్గర ఇంటర్ మొదటి సంవత్సరం కుర్రాడు. పుట్టుకతోనే ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి లేదు. ఎడమ కాలి మీద లేస్తాడు, లేపు బాగుంది. సదరంలో (వైకల్య ధ్రువీకరణ పత్రం) 60 శాతం ఇచ్చారు. పారా పోటీల్లో ఏ క్లాసులోకి వస్తాడు? హైజంప్ మ్యాట్ లేదు, ఇసుక గుంత ఉంది గానీ వానలకి చెరువైపోద్ది. ఎండుగడ్డి, కొబ్బరి పీచు పరిచి ఫ్లాప్ (వీపు బార్ వైపు తిప్పి వెనక్కి దూకడం) నేర్పొచ్చాండి?

పిట్_పక్కన:
సదరం శాతం చూసి క్లాసు ఇవ్వరండి. క్లాసిఫయర్లు, అంటే క్లాసు నిర్ణయించేవాళ్లు, చేతిని చూసి, కొలిచి తేలుస్తారు. ఒక చెయ్యి మణికట్టు దగ్గర గానీ, ఆపైన గానీ లేకపోతే అర్హత. మోచేతి కింద అయితే టీ47, మోచేతి దగ్గర లేదా పైన అయితే టీ46. పోటీ మాత్రం ఇద్దరికీ టీ47 పేరుతో కలిపే ఉంటుంది. జాతీయ స్థాయిలో ఇచ్చిన క్లాసు అంతర్జాతీయ మీట్‌కి పనికిరాదు, అక్కడ మళ్లీ చూస్తారు. డాక్టర్ సంతకంతో మెడికల్ ఫారం, ఎక్స్‌రే ముందే సిద్ధం చేసుకోండి.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో మగవాళ్ల టీ47కి హైజంప్, లాంగ్‌జంప్ రెండూ ఉన్నాయి, ట్రిపుల్ జంప్ లేదు. అందుకే దాని మీద ఏళ్లు పెట్టొద్దు. ఎత్తుల సంగతి కావాలంటే, మన దేశపు హైజంపర్ నిషాద్ కుమార్ టోక్యోలో 2.06, పారిస్‌లో 2.04 మీటర్లకి రజతం తెచ్చాడు. రెండుసార్లూ స్వర్ణం అమెరికా రోడరిక్ టౌన్‌సెండ్‌దే, 2.15, 2.12.

ఫాస్బరీ:
గడ్డి, పీచు మీద ఫ్లాప్ వద్దే వద్దు. వెన్ను, మెడ మీద పడే దూకుడది. పీచు నాలుగు రోజుల్లో అణిగి పలక అవుతుంది, మూటల మధ్య సందులో మెడ ఇరుక్కుంటుంది. ఫ్లాప్‌కి కనీసం 5×3 మీటర్ల మ్యాట్, 70 సెంటీమీటర్ల మందం కావాలి. దొరికేదాకా ఇసుకలోకి సిజర్స్ (కత్తెరలా ఒక్కో కాలూ బార్ దాటించడం) చేయించండి, కాళ్ల మీదే దిగాలి. బార్ బదులు ఎలాస్టిక్ తాడు కట్టండి.

ఎడమ కాలి మీద లేస్తాడు కాబట్టి బార్‌కి ఎదురుగా నిలబడితే కుడివైపు నుంచి రావాలి. మొదట ఎనిమిది అడుగులు చాలు: నాలుగు తిన్నగా, నాలుగు వంపులో. లేచే చోటు బార్‌కి ఒక చేతి దూరం. మీవాడి పొట్టి చెయ్యి బార్‌కి దూరం వైపు ఉంటుంది. అసలు చిక్కు అక్కడే. కుడి చెయ్యి గట్టిగా పైకి వెళ్తుంది, ఎడమవైపు బరువు లేదు, దాంతో నడుం ముందే తిరిగిపోయి తుంటి బార్‌కి తగులుతుంది. కుడి చేతిని తగ్గించమనకండి, ఎడమ భుజాన్ని చెవి దాకా లేపమనండి. వంపులో పరుగు మాత్రమే విడిగా రోజూ చేయించండి.

స్క్వాట్‌కి బార్ పట్టుకోలేడు కదా, వెయిట్ వెస్ట్ వేయండి. పట్టీ కట్టి బరువు వేలాడదీయడం కన్నా అదే నయం.

గోదారి_ఇసుక:
లాంగ్‌జంప్ కూడా వదలొద్దండి, గుంత ఉందిగా. నీరు పైనే ఉండే మన నేలలో లోతుగా తవ్వితే ఊరుతుంది. కిందకి తవ్వే బదులు రన్‌వేని గ్రావెల్‌తో అడుగు ఎత్తు లేపి రోలర్ తిప్పండి, గుంతకి గట్టు కట్టండి, అడుగున కంకర పొర వేయండి. వెడల్పు 2.75 మీటర్లకి తగ్గకూడదు, టేకాఫ్ గీత నుంచి గుంత అవతలి అంచుకి 10 మీటర్లు ఉండాలి. ఇసుక పైమట్టం టేకాఫ్ పలకతో సమానంగా ఉండాలి. ఏటి ఇసుకే తెచ్చి జల్లించండి, నత్తగుల్ల ముక్కలు మడమలు కోసేస్తాయి. సముద్రపు ఇసుక సన్నం, తడిస్తే బిగుసుకుపోతుంది.

దిగేటప్పుడు పొట్టి చెయ్యి వైపు ఒరిగి వెనక్కి పడితే, శరీరం తగిలిన గుర్తుల్లో గీతకి దగ్గరున్నదాన్నే కొలుస్తారు. కృత్రిమ చెయ్యి తగిలినా అంతే. మడమలు తగలగానే కుడివైపుకి దొర్లడం అలవాటు చేయించండి.

రాజోలు పీఈటీ:
ఫ్లాప్ ఆపేశానండి. ఇంకోటి, మోకాలు నొప్పంటే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేశాడట. పర్లేదా?

పిట్_పక్కన:
ఏ మందో పేరు రాయించుకోండి. ఇలాంటివాటిలో డెక్సా (డెక్సామెథసోన్) లాంటి స్టెరాయిడ్ ఉండొచ్చు. ఇంజెక్షన్‌గా తీసుకుంటే అది పోటీ సమయంలో నిషిద్ధం. మీట్‌కి వారాల ముందు వేసినా ఒంట్లో మిగలొచ్చు. డోపింగ్ పరీక్షలు చేసే నాడా వాళ్లు పారా మీట్లలోనూ శాంపిల్ తీసుకుంటారు. ముందు నొప్పి ఎక్కడుందో చూడండి. మోకాలి చిప్ప కిందైతే వారం పది రోజులు దూకుడు ఆపి, గోడకి ఆనుకుని కూర్చునే వ్యాయామం 30 సెకన్ల చొప్పున ఐదుసార్లు చేయించండి. తగ్గకపోతే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి, చీటీ మీద క్రీడాకారుడని రాయించండి.