అమ్మానాన్న ఆరు నెలలకి అమెరికా: నోట్లు ఇచ్చి పంపాలా, ఫారెక్స్ కార్డా, మన బ్యాంకు కార్డు చాలా?

బెజవాడ_అబ్బాయి:
నమస్తే అండి. మా అక్కకి డాలస్‌లో డెలివరీ ఉంది. అమ్మానాన్న వచ్చే నెల హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వెళ్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. నాన్న రిటైరయ్యారు, ఫోన్‌పే బాగానే వాడతారు, క్రెడిట్ కార్డు మాత్రం ఎప్పుడూ లేదు. డబ్బు ఎలా తీసుకెళ్లాలన్న దాని మీద ఇంట్లో రోజూ వాదనే. నాన్న చేతిలో నోట్లుండాలంటారు. అక్కేమో ఏమీ తేవద్దు, నేనున్నాగా అంటుంది. బాబాయి ఇంకో దారి చెప్పాడు: వాళ్ల ఫ్రెండ్ కొడుకు అక్కడ డాలర్లు ఇస్తాడట, ఇక్కడ వాళ్ల నాన్నకి మనం రూపాయలు ఇచ్చేస్తే సరిపోతుందట. నేను ఫారెక్స్ కార్డు (ముందే డాలర్లు లోడ్ చేసుకుని వాడే ప్రీపెయిడ్ కార్డు) అనుకుంటున్నాను. ఖర్చు మొత్తం రెండు మూడు లక్షలు దాటదు. ఏం చేయమంటారు?

పాయింట్ల_పంతులు:
తమ్ముడూ, ఫారెక్స్ కార్డు పాతకాలపు మాట. విదేశీ మార్కప్, అంటే వేరే దేశం డబ్బులో ఖర్చు పెడితే బ్యాంకు అదనంగా వేసే ఛార్జీ, లేని క్రెడిట్ కార్డులు ఇప్పుడు చాలా బ్యాంకులు ఇస్తున్నాయి, నీ పేరు మీద ఒకటి తీసుకుని నాన్నగారికి యాడ్ఆన్ కార్డు (నీ ఖాతా మీదే ఆయన పేరుతో వచ్చే రెండో కార్డు) ఇప్పించు. మామూలు కార్డుకి 3.5 శాతం మార్కప్, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 4.13 శాతం అవుతుంది. అంటే లక్ష ఖర్చు పెడితే 4,130 రూపాయలు ఊరికే పోయినట్టు. మార్కప్ లేని కార్డుకి ఆ బాధ లేదు, వీసా, మాస్టర్‌కార్డ్ వాళ్ల రేటే పడుతుంది, అది సాధారణంగా కౌంటర్ రేటు కంటే మెరుగే. పైగా విదేశంలో ఉండగా క్రెడిట్ కార్డు మీద పెట్టే ఖర్చు ఎల్‌ఆర్‌ఎస్ (ఒక మనిషి ఏడాదికి విదేశాలకి ఎంత డబ్బు పంపొచ్చో చూసే ఆర్‌బీఐ పథకం) లెక్కలోకి రాదు. 2023లో కలపబోయి ప్రభుత్వమే వాయిదా వేసింది. ఫారెక్స్ కార్డులో వేసిన ప్రతి రూపాయీ ఆ లెక్కలోకి వస్తుంది. ఇంత తేడా ఉంటే ఇంకా ఆలోచన దేనికి?

మెహదీపట్నం_అక్క:
పంతులుగారూ, మీ లెక్కలో తప్పు లేదు, కానీ ఆ లెక్క మీకోసం వేసుకున్నది. ఇక్కడ కార్డు వాడబోయేది ఎప్పుడూ క్రెడిట్ కార్డు పట్టుకోని పెద్దాయన. మావాళ్లని, చుట్టాలని చాలామందిని ఇలా పంపించాను కాబట్టి చెబుతున్నా, ఏ శాతం తక్కువ అన్నదాని కంటే ఎవరు వాడతారు, ఎక్కడ ఇరుక్కుంటారు అన్నది ముందు చూడాలి.

ఆ ఎల్‌ఆర్‌ఎస్ లెక్క పరిమితి దాటితే ముందే పట్టుకునే పన్ను, టీసీఎస్, గురించి భయం అక్కర్లేదు. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి ఏడాదికి పది లక్షలు, రెండు మూడు లక్షలకి అది తగలదు.

క్రెడిట్ కార్డుతో అసలు చిక్కు ఏటీఎం దగ్గర. నాన్నగారు ఇక్కడి అలవాటు కొద్దీ నోట్ల కోసం అందులో పెట్టారనుకోండి, క్యాష్ అడ్వాన్స్ ఛార్జీ ఒకటి, అదే రోజు నుంచి వడ్డీ ఇంకొకటి. ఫారెక్స్ కార్డులో ఉన్నది ఆయన డబ్బే, అయిపోతే అయిపోతుంది, అప్పు అనే మాట ఉండదు. రేటు కూడా లోడ్ చేసిన రోజుదే ఉంటుంది కాబట్టి రూపాయి పడిపోయిందని రోజూ టీవీ చూసి టెన్షన్ పడరు. మా మామయ్యగారు సంతోషంగా ఖర్చు పెట్టింది ఆ కార్డుతోనే, ఎంత మిగిలిందో యాప్‌లో చూసుకుంటూ.

కానీ డాలర్లు లోడ్ చేసిన కార్డుని దుబాయ్‌లో గీకితే దిర్హామ్‌లకి మార్చిన ఛార్జీ విడిగా పడుతుంది. అక్కడ టీ, ఇడ్లీకి డాలర్ నోటు ఇస్తే తీసుకుంటారు, చిల్లర దిర్హామ్‌లలో ఇస్తారు, అంతే. ఏ మెషీన్ అయినా "రూపాయల్లో కడతారా?" అని అడిగితే వద్దనమని అమ్మకి, నాన్నకి ఇద్దరికీ చెప్పి పంపు, తెలిసిన అంకె కనబడుతుంది కదా అని పెద్దవాళ్లు అదే నొక్కేస్తారు, రేటు మాత్రం వాళ్లిష్టం వచ్చినట్టు వేస్తారు.

డాలస్_తెలుగోడు:
ఇక్కడున్న కొడుకుగా చెబుతున్నా. ఇవన్నీ అనవసరం. మా బ్యాంకులో అమ్మని నా కార్డుకి ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చాను, ఆమె పేరుతో కార్డు వచ్చింది, మార్కప్ గొడవే లేదు. అయినా వాళ్లు ఒక్కళ్లూ ఎక్కడికి వెళ్తారు? కారు లేకుండా డాలస్‌లో పాల ప్యాకెట్ కూడా రాదు. మనమే తీసుకెళ్తాం, మనమే కడతాం. డాలర్లు సంపాదిస్తున్న పిల్లలుండగా రూపాయలు డాలర్లు చేసుకుని రావడం నాకు బాధగా ఉంటుంది.

మెహదీపట్నం_అక్క:
బాబూ, నీ ప్రేమ అర్థమైంది. ఆ కార్డు మంచి పనే, ఇచ్చి ఉంచు. కానీ మీ అమ్మగారు ఆ కార్డుతో ఏం కొన్నా నీ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది కదా? పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుళ్లో హుండీలో వేయాలనుకుంటుంది, పుట్టబోయే మనవరాలికి గొలుసు కొనాలనుకుంటుంది, పక్కింటి తెలుగమ్మాయి నెల తప్పిందంటే చేతిలో ఏదో ఒకటి పెట్టాలనుకుంటుంది. ఇవన్నీ కోడలి ముందు అడిగి తీసుకోవాలా? జీవితమంతా తన డబ్బు తాను లెక్క చూసుకున్న మనిషి ఆరు నెలలు చేయి చాపడం ఎంత నలుపుతుందో ఆవిడ పైకి చెప్పదు. పిల్లలిచ్చేది పిల్లలిస్తారు, పెద్దవాళ్ల దగ్గర వాళ్ల సొంతది వాళ్ల చేతిలో ఉండాలి. దీని మీద నేను వెనక్కి తగ్గను.

డాలస్_తెలుగోడు:
అక్కా, మెసేజ్ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. సరే, సొంత డబ్బు ఉండాలన్నది ఒప్పుకుంటా. నోట్ల కట్టలు మాత్రం వద్దు, పోతే పోయినట్టే.

బషీర్‌బాగ్_కౌంటర్:
ఫారెక్స్ కౌంటర్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ని, బాబాయిగారి సలహా చూసి రాయకుండా ఉండలేకపోయాను. అలా చేయొద్దు. అక్కడ డాలర్లు తీసుకుని ఇక్కడ ఇంకొకరికి రూపాయలు ఇవ్వడం 1999 నాటి ఫెమా (విదేశీ మారక ద్రవ్య) చట్టం ఒప్పుకోదు, పట్టుబడితే ఆ మొత్తానికి మూడింతల వరకు జరిమానా వేయొచ్చు. మనవాళ్లలో అందరూ చేస్తున్నదేగా అంటారు, తెలుసు. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు, కానీ అతను ఇచ్చే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మీ నాన్నగారికి తెలియదు, రసీదు ఉండదు, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితం ముక్క ఉండదు. కొన్ని వేలు మిగులుతాయని రిటైరైన మనిషిని అందులోకి లాగకండి.

సరైన దారి కష్టమేమీ కాదు. పాస్‌పోర్ట్, వీసా, టికెట్, పాన్ ఉంటే చాలు, ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి కొనుక్కోవచ్చు. నోట్లు ఒక్కొక్కరికి 3,000 డాలర్ల వరకే, మిగతాది కార్డులోనే. 50,000 రూపాయలు దాటితే బ్యాంకు ద్వారా కట్టాలి. లక్ష రూపాయల మార్పిడికి జీఎస్టీ 180 రూపాయలు, దాని గురించి బేరమాడి లాభం లేదు. బేరమాడాల్సింది రేటు మీద. డాలర్‌కి రెండు రూపాయలు ఎక్కువ పెడితే వెయ్యి డాలర్లకి రెండు వేలు పోతాయి. బ్యాంకులో అడగండి, బయట రెండు చోట్ల అడగండి, ఒకరి రేటు ఇంకొకరికి చెప్పండి, తగ్గిస్తారు. శంషాబాద్ వెళ్లాక చూసుకుందాం అనుకోవద్దు, ఎయిర్‌పోర్ట్ రేటు ఎప్పుడూ దెబ్బే. ఇంకొకటి, కౌంటర్‌లో వంద నోట్లే అంటగడతారు. ఇరవైలు, ఐదులు కావాలని పట్టుబట్టండి. అమెరికాలో చాలా ఎయిర్‌పోర్టుల్లో సామాను ట్రాలీకి కూడా డబ్బు కట్టాలి.

పాయింట్ల_పంతులు:
అక్క చెప్పిన ఏటీఎం పాయింట్ ఒప్పుకుంటున్నా. కానీ ఫారెక్స్ కార్డు ఒక్కటే పెట్టుకుంటే నేను ఒప్పుకోను. ఒక కార్డు మెషీన్‌లో ఇరుక్కుంటే, పిన్ మూడుసార్లు తప్పు కొడితే, కథ అక్కడే ఆగుతుంది. హోటల్‌లోనో అద్దె కారుకో డిపాజిట్ అడిగితే ప్రీపెయిడ్ కార్డు చాలాచోట్ల తీసుకోరు, తీసుకున్నా ఆ డబ్బు రోజుల తరబడి బ్లాక్ అయి ఉంటుంది. కాస్ట్‌కో లాంటి చోట క్రెడిట్ కార్డుల్లో వీసా ఒక్కటే నడుస్తుంది. అందుకని రెండో కార్డు ఉండాల్సిందే. నీ కార్డుకి యాడ్ఆన్ వద్దనుకుంటే నాన్నగారి ఎఫ్‌డీ మీద ఆయన పేరుతోనే కార్డు ఇస్తారు, అప్పుడు అక్క అడిగిన సొంత డబ్బు మాటా నిలబడుతుంది. ఆ కార్డుకి ఏటీఎం వాడకం యాప్‌లో ఆపేస్తే సరి. అంతర్జాతీయ వాడకం కూడా బయల్దేరే ముందే ఆన్ చేయండి, 2020 నుంచి కొత్త కార్డులకి మనం అడిగితే తప్ప అది ఉండదు.

మెహదీపట్నం_అక్క:
ఎఫ్‌డీ కార్డు మంచి మాట, నాకు తట్టలేదు. అయితే ఓటీపీ సంగతి ఎవరూ అనలేదు. నాన్నగారి సిమ్ ఆరు నెలలు బతికి ఉండాలి, రోమింగ్‌లో మెసేజ్‌లు రావాలి, రీఛార్జ్ అయిపోతే ఫారెక్స్ కార్డు యాప్‌లోకి కూడా వెళ్లలేరు. నువ్వు ఇక్కడి నుంచి నెలనెలా రీఛార్జ్ చేయి, తేదీ ఫోన్‌లో పెట్టుకో. బ్యాంకు 1800 నంబర్లు అక్కడి నుంచి కలవవు, కార్డు పోతే చేయాల్సిన +91 నంబర్ కాగితం మీద రాసి అమ్మ పర్సులో ఒకటి, నాన్న పాస్‌పోర్ట్ కవర్‌లో ఒకటి పెట్టు. కార్డులు రెండూ ఒకే పర్సులో ఉండకూడదు.

బెజవాడ_అబ్బాయి:
అందరికీ చాలా థాంక్స్. బాబాయికి ఫెమా సంగతి చెప్పాను, కాస్త నొచ్చుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు. నాన్నకి 500 డాలర్లు నోట్లు, అందులో సగం చిన్నవి, రెండు వేలు ఫారెక్స్ కార్డులో, ఎఫ్‌డీ మీద కార్డు అమ్మ పేరున. అమ్మ పేరున అనగానే నాన్న కంటే ఆవిడే ఎక్కువ సంబరపడింది. వచ్చేటప్పుడు మిగిలిన డాలర్లు ఏం చేయాలి?

బషీర్‌బాగ్_కౌంటర్:
రెండు వేల డాలర్ల వరకు ఇంట్లోనే ఉంచుకోవచ్చు బాబూ. అంతకు మించితే తిరిగొచ్చిన 180 రోజుల్లో అమ్మేయాలి. కార్డులో మిగిలింది మాత్రం రాగానే వెనక్కి తీసుకోండి, కొన్ని కార్డులకి వాడకపోతే నెలనెలా ఛార్జీ కోస్తారు.