మేకపిల్లలు మన్ను నాకుతున్నాయి, పిల్లల్ని కూడా మందతో తోలాలా?

పాలమూరు మంద:
అందరికీ నమస్తే. మాది నారాయణపేట వైపు పల్లె. ఇంటి వెనక దొడ్డిలో ఇరవై దాకా ఉస్మానాబాదీ మేకలు, ఒక పోతు. అమ్మ, నేను, మా ఆవిడ, ముగ్గురమే చూసుకుంటాం. శివరాత్రికి అటూ ఇటూగా వరుసబెట్టి ఈనాయి, చాలావరకు కవలలే. పొద్దున తొమ్మిదిన్నరకి అమ్మ తోలుకెళ్తే మళ్లీ పొద్దుగూకేటప్పుడే రావడం, పిల్లలు అంతసేపూ దొడ్డిలోనే. వారం నుంచి గోడ మూల మన్ను, సున్నం పెచ్చులు నాకుతున్నాయి. నిన్న ఒకదాని నోరు తెరిచి చూస్తే చిగుళ్ల దాకా ఎర్రమన్ను పేరుకుపోయి ఉంది. రెండింటికి పారుడు కూడా పట్టింది. మందుల షాపాయన టానిక్ తాపమంటున్నాడు, పక్కింటి పెద్దాయనేమో పిల్లల్ని కూడా మందతో తోలెయ్ అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

కదిరి అక్క:
తమ్ముడూ, టానిక్ సంగతి తర్వాత, అవి ఆకలితో నాకుతున్నాయి. పొద్దున తాగిన పాలు సాయంత్రం దాకా ఎక్కడ ఆగుతాయి చెప్పు, అందులోనూ కవలలాయె. చలికాలంలో మంచు ఆరేదాకా ఆగి తోలడం సరే, తడి గడ్డి మేస్తే కడుపులో నట్టలు (పురుగులు) పడతాయి కాబట్టి. ఇప్పుడు ఫాల్గుణం అయిపోవస్తోంది, మంచెక్కడుంది? ఆరుకల్లా పిల్లలకి పాలు తాపించి తల్లుల్ని తోలండి, పదకొండు దాటకుండా తిరిగి రావాలి, ఎలాగూ ఆ ఎండకి చెట్టు కింద నిలబడి రొప్పడం తప్ప అవి మేసేదేం ఉండదు. వచ్చాక మళ్లీ పిల్లల్ని వదలండి, తల్లుల్ని నాలుగింటికి మళ్లీ బయటికి తోలి చీకటి పడేలోపు తెచ్చుకోండి. మూడు పూటలా పాలు దొరికితే సగం నాకుడు అదే పోతుంది. మా ఇంట్లో పొద్దున పూట మామగారు, సాయంత్రం నేను, అంతా ఒక్క మనిషి నెత్తిన పడితే ఈ పద్ధతి నాలుగు రోజులు కూడా నిలవదు, అమ్మని మధ్యాహ్నం కాసేపు పడుకోనివ్వండి.

ఇంకోటి, రావి, అవిసె కొమ్మలు కట్టకట్టి పిల్లల మూతికి కాస్త పైన వేలాడదీయండి. నేల మీద పడేస్తే తొక్కి, ఉచ్చపోసి, అదే తింటాయి. సుబాబుల్ ఉంటే అదీ వెయ్యొచ్చు, కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటొద్దు.

రిటైర్డ్ పశువైద్య సహాయకుడు:
అక్క చెప్పిన వేళలే పాటించండి. పారుడు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మూడు వారాలు దాటిన పిల్లల్లో, దొడ్డి తడిగా ఉంటే కాక్సిడియా, అంటే పేగుల్లో చేరి పారుడు పెట్టించే సూక్ష్మజీవి, వస్తుంది, మన్నుతో పాటు పెంట కూడా కడుపులోకి పోతుంది కదా. పారుడులో రక్తపు చారలు గానీ నల్లటి రంగు గానీ ఉందేమో చూడండి, ఆ పెంట కొంచెం డబ్బాలో వేసుకుని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తే పరీక్ష చేసి సరైన మందు రాస్తారు. వెళ్లడం కుదరకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యండి. ఈలోపు ఆ రెండింటినీ వేరే కట్టి, పాలు ఆపకుండా ఓఆర్ఎస్ నీళ్లు కొద్దికొద్దిగా తాపండి. దొడ్డిలో పైపైన మన్ను గీకేసి, పొడి సున్నం చల్లి, ఆరాకే పిల్లల్ని వదలండి. ఖనిజ లవణాల ఇటుక ఒకటి కట్టండి.

నట్టల మందు అనగానే మందకంతా ఆల్బెండజోల్ పోసేస్తుంటారు, కొత్తగా చూలు కట్టిన మేకలకి మొదటి నెలన్నరలో అది వద్దు. పిల్లలకి మూడు నెలలు నిండాక పీపీఆర్ (మేకల ప్లేగు) టీకా మర్చిపోకండి.

సిద్దిపేట పోతు:
నేనైతే నెల నిండిన పిల్లల్ని తల్లులతోనే తోలతా, ఆకు కొరకడం తల్లిని చూసే నేర్చుకుంటయ్. దూరం పోవద్దు, ఊరి పక్క బీడు వరకే. కుక్కల బాధ ఉంటే మాత్రం వద్దు. ఇప్పుడు తుమ్మకాయ రాలుతది, పిల్లగాళ్లతోని ఏరించి బస్తాల్లో పెట్టుకో అన్నా, దాణా ఖర్చు చానా తగ్గుతది.

పాలమూరు మంద:
రక్తం లేదు, పచ్చగా పలచగా ఉంది, రేపు శాంపిల్ తీసుకెళ్తా. కుక్కలు ఉన్నాయి అన్నా, కాబట్టి పిల్లలు ఇంట్లోనే. బావి కింద జొన్న కోసిన మడిలో పిలకలు పచ్చగా వచ్చాయి, పొద్దున పూట తల్లుల్ని అందులో వదలొచ్చా?

కదిరి అక్క:
అందులోకి మాత్రం అస్సలు తోలొద్దు! లేత పిలక జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది, మేసిన కాసేపటికే రొప్పుతూ, నురగ కక్కి పడిపోతాయి, డాక్టర్ వచ్చేదాకా కూడా ఆగవు. ఆ మడికి కంప కొట్టెయ్, రేపు పొద్దున అమ్మ మంద తోలేలోపే.